బైక్ కొనాలని హోటల్‌లో సర్వర్‌గా చేరాడు.. చివరికి రూ.2 వేల కారు తయారు చేశాడు: ఎవరీ జీడీ నాయుడు?

మఠంపల్లి, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ.. ఈ పక్క ఏ ఊళ్లో మోటార్ల షాపుకు వెళ్లినా ఒక ఊరి పేరు తప్పకుండా వినిపిస్తుంది. అదే కోయంబత్తూరు. మోటార్ కోయంబత్తూరుది అంటే రైతుకు అదో ధీమా. తమిళనాడులో ఉన్న ఆ ఊరికి మోటార్ల ఊరు అన్న పేరు ఊరికే రాలేదు. దాని వెనుక ఒక తెలుగు ఇంటి కుర్రాడి కథ ఉంది. బడి చదువు సరిగా అబ్బలేదు. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు. కానీ బైక్ విప్పాడు, బస్సు నడిపాడు, మోటార్ తయారు చేశాడు, కారు కూడా తయారు చేశాడు. ఆయనే గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జనం నోట్లో జీడీ నాయుడు. భారతదేశపు ఎడిసన్ అని కూడా పిలుస్తారు.

ఆయన చనిపోయి యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు మాధవన్ హీరోగా బయోపిక్ అనడంతో ఈ తరం కుర్రాళ్లు కూడా ఆయన పేరు వెతుకుతున్నారు. ఇంతకీ ఆయన చేసిందేంటి? ఆ రెండు వేల రూపాయల కారు ఏమైంది?

ఇంట్లో తెలుగు.. ఊళ్లో తమిళం

1893 మార్చి 23. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూళ్లో జీడీ నాయుడు పుట్టారు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. విజయనగర రాజులు, నాయక రాజుల కాలంలో తెలుగు నేల నుంచి దక్షిణానికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. నల్లరేగడి నేలల్లో పత్తి పండించుకుంటూ అక్కడే ఉండిపోయారు. ఊళ్లో తమిళం మాట్లాడినా ఇంట్లో మాత్రం తెలుగే. నాయుడి కుటుంబం కూడా అలాంటిదే.

చిన్నతనంలోనే తల్లి దూరమైంది. బడికి పంపితే అక్కడ కుదురుగా కూర్చునే రకం కాదు. చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. పొలం పనులే దిక్కయ్యాయి. అప్పట్లో అలాంటి పిల్లాడికి ముందున్న దారి ఒక్కటే.. తండ్రి పొలం, ఎడ్ల బండి, పత్తి చేను. కానీ ఓ రోజు ఆ ఊరి దారిలో వచ్చిన ఒక బండి ఈ కుర్రాడి జీవితాన్నే మార్చేసింది.

ఎద్దులు లేకుండా కదిలే బండి

1910ల మొదట్లో మాట ఇది. పల్లెల్లో ఎడ్ల బండ్లు, కాస్త ఉన్నవాళ్లకు గుర్రపు బండ్లు. మోటార్ బండి అంటే తెల్లదొరల దగ్గరే. లాంకషైర్ అనే బ్రిటిష్ రెవెన్యూ అధికారి మోటార్‌సైకిల్ మీద కలంగల్ వైపు వచ్చారు. అది ఇంగ్లండ్‌లో తయారైన రడ్జ్ కంపెనీ బండి. దారిలో అది ఆగిపోయింది. ఆ దొర కింద కూర్చుని ఏదో సరిచేసి మళ్లీ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. పక్కన నిలబడి చూస్తున్న నాయుడికి ఇక వేరే ధ్యాస లేదు. ఎలాగైనా ఆ బండి సంపాదించాలి. ఇదీ నాయుడి గురించి అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకునే ముచ్చట.

చేతిలో డబ్బు లేదు. అందుకే ఇల్లు వదిలి కోయంబత్తూరు చేరారు. ఓ హోటల్‌లో సర్వర్‌గా కుదిరారు. ఇడ్లీలు వడ్డించారు, బల్లలు తుడిచారు. వచ్చిన జీతంలో పైసా పైసా కూడబెట్టారు. దాదాపు మూడేళ్లు అలా గడిచాయి. చివరికి సుమారు 300 రూపాయలు పెట్టి ఆ దొర దగ్గరే బండి కొనేశారు.

ఇప్పటి కుర్రాళ్లైతే బండి చేతికి రాగానే ఊరంతా చక్కర్లు కొడతారు. నాయుడు మాత్రం ముందు దాన్ని విప్పేశారు. ఏ భాగం ఎందుకు ఉంది, ఏది తిరిగితే ఏది కదులుతుంది అని చూసుకుంటూ ముక్క ముక్క ఊడదీశారు. మళ్లీ బిగించారు. నేర్పే గురువు లేడు, చదవడానికి పుస్తకం లేదు. బండే బడి అయింది. అలా మెకానిక్ అయ్యారు.

పత్తిలో వచ్చింది.. పత్తిలోనే పోయింది

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తి ధరలకు రెక్కలొచ్చాయి. నాయుడు తిరుప్పూర్‌లో పత్తి వ్యాపారంలోకి దిగారు. బాగా కలిసొచ్చింది. ఆ ఊపులో బొంబాయి వెళ్లారు. అక్కడి పత్తి మార్కెట్ వేరే లోకం. పెద్ద పెద్ద బేరగాళ్ల మధ్య సంపాదించినదంతా పోగొట్టుకున్నారు. ఖాళీ చేతులతో కోయంబత్తూరు తిరిగొచ్చారు.

అప్పుడు ఆయనకు అండగా నిలిచిన మనిషి రాబర్ట్ స్టేన్స్. కోయంబత్తూరులో 1888లోనే తొలి నూలు మిల్లు పెట్టిన బ్రిటిష్ వ్యాపారి. కాఫీ, తేయాకు, మిల్లులు, మోటార్లు.. ఆయన చేయి పెట్టని వ్యాపారం లేదు. యంత్రాల మీద ఈ కుర్రాడికి ఉన్న పట్టు స్టేన్స్‌కు నచ్చింది. ఆ సాయంతో నాయుడి చేతికి ఒక బస్సు వచ్చింది. మళ్లీ మొదటి నుంచి మొదలు.

డ్రైవర్ ఆయనే.. మెకానిక్ ఆయనే

1920. పొళ్లాచి నుంచి పళని వరకు ఒకే ఒక్క బస్సు. స్టీరింగ్ పట్టింది నాయుడే. పళని అంటే సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. భక్తుల రాకపోకలు ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి ఆ రూట్‌లో ప్రయాణికులకు కొదవ లేదు.

కానీ ఆ రోజుల్లో బస్సు నడపడం అంటే ఇప్పటిలా తాళం తిప్పి వెళ్లిపోవడం కాదు. ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ బలంగా తిప్పితేనే ఇంజిన్ అందుకునేది. తారు రోడ్లు లేవు. దుమ్ము, గుంతలు, అడ్డొచ్చే ఎడ్ల బండ్లు. ఏదైనా భాగం విరిగితే ఇంగ్లండ్ నుంచి ఓడలో రావాలి. దారి మధ్యలో బండి ఆగితే డ్రైవరే దిగి బాగు చేసుకోవాలి. అంటే డ్రైవర్‌కు మెకానిక్ పని రాకపోతే బస్సు గమ్యం చేరడం కష్టం. రడ్జ్ బండి విప్పి నేర్చుకున్న చదువు నాయుడికి ఇక్కడ పనికొచ్చింది.

ఆయన బస్సుల్లో ఇంకో సంగతి కూడా ఉంది. అది టైం. జనం నిండితేనే బయల్దేరే బండ్ల కాలంలో నాయుడు గడియారం చూసి బస్సు కదిలించే పద్ధతి తెచ్చారు. సగం సీట్లు ఖాళీగా ఉన్నా టైం అయితే బయల్దేరాల్సిందే. మొదట్లో ఇది నష్టం బేరంలా కనిపిస్తుంది. కానీ ఫలానా టైంకి బస్సు వస్తుంది అన్న నమ్మకం ఒకసారి కుదిరితే జనం వేరే బండి ఎక్కరు. నాయుడు పట్టుకున్న కిటుకు ఇదే.

ఒక బస్సు రెండయింది, రెండు పదయ్యాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్ పేరుతో, యూఎంఎస్ అన్న పొట్టి పేరుతో, దక్షిణాదిలోనే పెద్ద బస్సు సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. టికెట్లు ఇచ్చే యంత్రం, ఇంజిన్‌లో అదురు ఎక్కడుందో పసిగట్టే పరికరం లాంటివి ఆయన సొంతంగా తయారు చేయించుకున్నారు. బస్సులు బాగు చేయడానికి సొంత వర్క్‌షాపులు పెట్టారు.

ఓ పోలిక చూస్తే సంగతి అర్థమవుతుంది. మన ఆర్టీసీకి మూలమైన నిజాం ప్రభుత్వ రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. అప్పటికే నాయుడు పన్నెండేళ్లుగా బస్సులు నడుపుతున్నారు. అక్కడ వెనుక ఒక రాజ్యం ఉంది. ఇక్కడ ఉన్నది ఒకప్పటి హోటల్ సర్వర్.

మోట పోయి మోటార్ వచ్చింది

1930ల మొదట్లో నీలగిరి కొండల్లోని పైకారా జల విద్యుత్ కేంద్రం నుంచి కోయంబత్తూరుకు కరెంటు వచ్చింది. మిల్లులు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. పల్లెలకూ తీగలు లాగడం మొదలైంది. కానీ కరెంటు ఉంటే సరిపోదు కదా, దాంతో తిరిగే మోటార్ కావాలి. అవేమో విదేశాల నుంచే రావాలి. ధర సామాన్యుడికి అందేది కాదు.

అప్పటిదాకా బావి నీళ్లు తోడటానికి రైతుకున్న సాధనం మోట. తోలు బొక్కెన, తాడు, ముందుకీ వెనక్కీ నడిచే ఎద్దుల జత. తెల్లవారుజామున మొదలుపెడితే పొద్దెక్కేదాకా తోడినా తడిసేది కొద్ది నేలే.

ఇక్కడే నాయుడికి డి.బాలసుందరం నాయుడు తోడయ్యారు. ఇద్దరూ కలిసి 1937లో పీలమేడులోని నాయుడి కర్మాగారంలో ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేశారు. భారతదేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటార్‌గా దానికి పేరు. ఆ కర్మాగారం పేరు నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్. బాలసుందరం నాయుడు తర్వాత టెక్స్‌టూల్ అనే సొంత సంస్థ స్థాపించారు.

ఆ తర్వాత కోయంబత్తూరులో వీధికో వర్క్‌షాపు, పేటకో ఫౌండ్రీ. మోటార్లు, పంపుసెట్లు అక్కడి ఇంటి పరిశ్రమ స్థాయికి చేరాయి. దేశంలో రైతులు వాడే పంపుసెట్లలో పెద్ద వాటా ఇప్పటికీ ఆ ఊరిదే. మన దగ్గర బావి మీదకో బోరు మీదకో కోయంబత్తూరు మోటార్ వస్తోందంటే దాని మూలం ఆ 1937 నాటి మోటార్‌లో ఉంది.

రేజర్ నుంచి ఓటింగ్ యంత్రం దాకా

నాయుడి బుర్ర ఒక్క వస్తువు దగ్గర ఆగేది కాదు. 1930ల్లో ఐరోపా వెళ్లారు. జర్మనీ కర్మాగారాలు తిరిగి చూశారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటార్ పెట్టి గడ్డం గీసుకునే రేజర్ తయారు చేయించారు. దాని పేరు రాసంట్. పలుచటి బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, కెమెరాలో దూరం సరిచేసే పరికరం, మోసం చేయడానికి వీల్లేని ఓటింగ్ యంత్రం.. ఇలా జాబితా పెరుగుతూ పోయింది. ఈవీఎంల మాట దేశం వినడానికి చాలా ఏళ్ల ముందు సంగతి ఇది.

1941లో ఇంకో సంచలనం. ఐదు వాల్వుల రేడియో సెట్‌ను 70 రూపాయలకే తయారు చేసి ఇవ్వగలనని ప్రకటించారు. రేడియో అంటే జమీందారు హాల్లో మాత్రమే కనిపించే రోజులవి.

కెమెరా పిచ్చి కూడా ఎక్కువే. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ లాంటి నేతలను తన కెమెరాలో బంధించారు. లండన్‌లో జరిగిన ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను సైతం చిత్రీకరించారు. పొలంలో కూడా ప్రయోగాలే. మనిషి కన్నా ఎత్తు పెరిగిన పత్తి మొక్కలు, కొత్త రకం పంటలు పెంచారు. నోబెల్ గ్రహీత సర్ సీవీ రామన్ స్వయంగా వచ్చి ఆయన తోటలు చూసి ముచ్చటపడ్డారు.

అన్నింట్లోనూ గెలిచారా అంటే లేదు. 1930ల మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయారు. ఆ రంగం తనది కాదని తేలిపోయింది.

చదువు లేనాయనే ప్రిన్సిపాల్

1944లో నాయుడు తన మోటార్ వ్యాపారాల నుంచి పక్కకు తప్పుకున్నారు. పరిశోధనలకు స్కాలర్‌షిప్పులు, ఉద్యోగుల సంక్షేమానికి, అణగారిన వర్గాలకు సాయం ప్రకటించారు. తర్వాత ఆయన దృష్టి చదువు మీద పడింది.

అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ వెలిశాయి. వాటికి డబ్బు, చొరవ రెండూ నాయుడివే. 1945లో ఆయనే ప్రిన్సిపాల్‌గా కూర్చున్నారు. బడి మధ్యలో వదిలేసిన మనిషి ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్!

కానీ ఆ కుర్చీలో ఎక్కువ కాలం లేరు. ఇంజినీర్‌ను తయారు చేయడానికి నాలుగేళ్లు ఎందుకు, రెండేళ్లు చాలు అన్నది ఆయన లెక్క. గదిలో పాఠం తగ్గించి వర్క్‌షాపులో పని పెంచాలని పట్టుబట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడు రాజీనామా చేసేశారు. ఆ కాలేజీయే నేటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. తమిళనాడులో పేరున్న ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకటి. కోర్సు మాత్రం ఇప్పటికీ నాలుగేళ్లే.

రూ.2 వేల కారు ఏమైంది?

ఇక అసలు కథ. 1952లో నాయుడి వర్క్‌షాపు నుంచి ఒక చిన్న కారు బయటకు వచ్చింది. ఇద్దరు కూర్చునే కారు. పెట్రోల్ ఇంజిన్. ధర 2 వేల రూపాయలు. సామాన్యుడికి కారు అన్న ఆలోచన దేశంలో ఇంకా ఎవరి నోటా గట్టిగా వినిపించని రోజులవి.

కానీ అది రోడ్ల మీదకు రాలేదు. తయారీకి ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు. దాంతో పని ఆగిపోయింది.

ఎందుకలా జరిగింది? 1951లో పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం వచ్చింది. ఏ వస్తువు ఎవరు తయారు చేయాలి, ఎన్ని తయారు చేయాలి అన్నది ఢిల్లీ నిర్ణయించే కాలం మొదలైంది. విదేశీ మారకం తక్కువ, ఉక్కు తక్కువ. కార్లు తయారు చేసే సంస్థలు కొన్నే ఉంటే చాలని ప్రభుత్వం అనుకుంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటి విదేశీ దిగ్గజాలే 1950ల్లో ఇక్కడి బిగింపు పనులు ఆపేసి వెళ్లిపోయాయి. అలాంటి చోట కోయంబత్తూరు వర్క్‌షాపులో పుట్టిన చిన్న కారుకు తలుపు తెరుచుకోలేదు.

రెండో వైపు కూడా చూడాలి. ఒక కారు చేయడం వేరు, వేల కార్లు చేయడం వేరు. ఉక్కు కావాలి, టైర్లు కావాలి, ఊరూరా బాగుచేసే మెకానిక్‌లు కావాలి. నాయుడి కారు ఆ పరీక్షలన్నీ నెగ్గేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే పరీక్ష రాసే అవకాశమే దానికి దక్కలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో దేశానికి తెలుసు. సామాన్యుడి కారు అన్న మాట నిజం కావడానికి 1983 డిసెంబర్‌లో మారుతీ 800 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. లక్ష రూపాయల కారు అంటూ టాటా నానో 2008లో జనం ముందుకొచ్చింది. అప్పటికి నాయుడి కారు వచ్చి 56 ఏళ్లు.

ప్రభుత్వాలతో నాయుడికి పన్నుల పేచీ కూడా ఉండేది. కష్టపడి తయారు చేసినదంతా పన్నులకే పోతోందన్నది ఆయన బాధ. నిరసనగా తాను తయారు చేసిన వస్తువులను జనం ముందే పగలగొట్టించారు. మంచి వస్తువులు పాడు చేశారని తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు, ఆ కడుపుమంట అర్థం చేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆయన తర్వాత ఆ ఊరు

1974 జనవరి 4న జీడీ నాయుడు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 80. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరుతో మ్యూజియం, పారిశ్రామిక ప్రదర్శనశాల ఉన్నాయి. 2015లో పాత కార్ల మ్యూజియం కూడా తెరిచారు. 2025 అక్టోబర్‌లో అదే రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్ ప్రారంభించి జీడీ నాయుడు పేరు పెట్టారు.

ఆయన అంటించిన మోటార్ పిచ్చి ఆ ఊరిని వదల్లేదు. దేశంలో కార్ రేసింగ్ అంటే ఖరీదైన విదేశీ కార్లున్న కొద్దిమంది ఆట అనుకునే కాలంలో, కోయంబత్తూరుకే చెందిన మిల్లు కుటుంబం వారసుడు ఎస్.కరివర్ధన్ మారుతీ ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో రేస్ కార్లు తయారు చేశారు. ఆయన కూడా రేస్ డ్రైవరే. 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. ఆ ఊరి శివారులోని రేస్ ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్ బరిలోకి దిగిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్‌ది కూడా కోయంబత్తూరే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగినప్పుడు మన దగ్గర కుర్రాళ్లు ఎగబడి చూశారు. అక్కడ పరిగెత్తిన కార్లలో పెట్రోల్ లేదు. అన్నీ ఎలక్ట్రిక్ మోటార్లే. ఆ మోటార్‌ను 1937లోనే సొంతంగా తయారు చేసి, ఆ తర్వాత సొంతంగా కారు కూడా తయారు చేసిన తెలుగు ఇంటి బిడ్డ ఒకరున్నారన్న సంగతి మాత్రం మన దగ్గర చాలామందికి తెలియదు.

కలంగల్ ఊళ్లో ఆగిపోయిన ఆ రడ్జ్ బండిని ఆ రోజు చాలామందే చూసి ఉంటారు. మూడేళ్లు కష్టపడి దాన్ని కొని, విప్పి చూసింది మాత్రం ఒక్కరే.